ఉప్పు, తుప్పు, గ్రిప్పు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో చేతి పట్టు పెంచుకునే సాధన గురించి రాస్తూ చివర్లో "గ్రిప్పర్‌కి తుప్పు పట్టనివ్వకండి" అని ఒక్క మాట అనేసి ఊరుకున్నాను. ఎలాగో చెప్పలేదు. (గ్రిప్పర్ అంటే రెండు పిడులు, వాటిని కలుపుతూ పైన ఒక స్ప్రింగ్ ఉండి, పిడికిట్లో పెట్టి పిండే పరికరం.) ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. ఇరవై ఏళ్ళకు పైగా మెషిన్ షాపులో ఫిట్టర్‌గా పనిచేశాను, సాయంత్రాలు ఆర్మ్ రెజ్లింగ్ కుర్రాళ్ళతో సాధన చేయిస్తుంటాను, అందుకని ఈ విషయం నాకు రెండు వైపుల నుంచీ తెలుసు. ఈ నెల పేజీ అంతా దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: సార్, మాది విశాఖ. ఇల్లు బీచ్‌కి అర కిలోమీటరు దూరం. ఆర్మ్ రెజ్లింగ్ కోసం రెండు నెలల కిందట మంచి గ్రిప్పర్ కొన్నాను, అల్యూమినియం పిడులు, పైన ఉక్కు స్ప్రింగ్. అప్పుడే స్ప్రింగ్ చుట్ల మధ్య గోధుమ రంగు చుక్కలు వచ్చేశాయి. వారానికోసారి కొబ్బరి నూనె రాస్తూనే ఉన్నాను. సముద్రం గాలికి ఏదీ నిలవదు, వదిలెయ్ అంటున్నారు ఇంట్లో. నిజంగా దారి లేదా?
ఎస్.కె., విశాఖపట్నం

జవాబు: ఉంది తమ్ముడూ, చాలా తేలికైన దారే ఉంది. సముద్రం గాలి తప్పు కొంత ఉంది గానీ, ఆ చుట్ల మధ్య చేరిన ఉప్పులో ఎక్కువ భాగం గాలిలోంచి రాలేదు, నీ అరచేతిలోంచి వచ్చింది. లీటరు చెమటలో రెండు మూడు గ్రాముల ఉప్పు ఉండొచ్చు, మనిషిని బట్టి ఎక్కువ తక్కువలు ఉంటాయి, దానికి తోడు కొంచెం పులుపు గుణం కూడా. సముద్రపు నీళ్ళలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉంటుంది కదా, దాని ముందు చెమట ఎంతలే అనిపిస్తుంది. కానీ సముద్రపు నీళ్ళు నీ గ్రిప్పర్ మీద పడవు, చెమట రోజూ పడుతుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది.

వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చూశావా? ఎవరూ చుక్క నీళ్ళు పోయకుండానే నీరు కారుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాక్కుని తనంతట తనే కరుగుతుంది. విశాఖలో అలాంటి రోజులు ఏడాదిలో చాలానే ఉంటాయి. అంటే నువ్వు గ్రిప్పర్ ముట్టుకోని రోజు కూడా, అది అలమారలో ఉన్నా సరే, చుట్ల సందుల్లో కంటికి కనబడనంత సన్నటి ఉప్పునీటి పొర ఏర్పడుతూనే ఉంటుంది. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు మొదలవుతుంది, ఉప్పు కూడా తోడైతే ఆ పని పరుగెత్తుతుంది. బయటికి కనబడే తీగ మీద కాకుండా సందుల్లోనే ముందు ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. అక్కడ ఆరదు, గుడ్డ కూడా వెళ్ళదు.

మా టూల్ రూమ్‌లో ఒక మాట ఉండేది, "వాడి చేయి తుప్పు చేయి" అని. నిజంగానే కొందరు కొలత పనిముట్లు ఉత్త చేత్తో పట్టుకుంటే మర్నాటికి వేలిముద్రలు గీతలు గీతలుగా గోధుమ రంగులో కనబడేవి, పక్కవాడు పట్టుకున్నది మాత్రం తళతళలాడుతుండేది. చెమట మనిషికో రకం. నీది ఆ రకం చేయి అయితే అందులో నీ తప్పేమీ లేదు, జాగ్రత్త కొంచెం ఎక్కువ కావాలి అంతే.

ఇక కొబ్బరి నూనె సంగతి. నూనె రాయడం మంచిదే గానీ, నువ్వు రాస్తున్నది ఇనుము మీద కాదు, ఉప్పు మీద. ఉప్పు కింద ఉండి పైన నూనె పూత పడితే లోపల జరిగేది లోపల జరుగుతూనే ఉంటుంది. కాబట్టి ముందు ఉప్పు పోవాలి. పొడిగుడ్డతో తుడిస్తే తడి పోతుంది, ఉప్పు పోదు. ఉప్పు పోవాలంటే నీళ్ళే కావాలి, ఇక్కడే చాలామంది భయపడతారు, ఇనుముకి నీళ్ళేంటని. భయపడకు, కుళాయి కింద పెట్టమనడం లేదు. సాధన అయిన వెంటనే పాత బనియన్ గుడ్డ ముక్క మంచినీళ్ళతో తడిపి గట్టిగా పిండెయ్, దాంతో పిడులు, స్ప్రింగ్ ఒకసారి తుడువు. తర్వాత అదే గుడ్డలోంచి వేలెడు వెడల్పు పీలిక చింపి, దాని అంచుని చుట్ల సందులోకి దూర్చి, బూటు పాలిష్ చేసేటప్పుడు గుడ్డని అటూ ఇటూ లాగినట్టు నాలుగుసార్లు లాగు. మొదటి రోజు ఆ పీలిక చూడు, బూడిద రంగు గీత ఒకటి పడి ఉంటుంది, అదంతా చెమట, చర్మం పొట్టు, దుమ్ము. మళ్ళీ పొడిగుడ్డతో అదే పని చేసి ఫ్యాన్ కింద ఐదు నిమిషాలు వదిలెయ్. తుడవడానికి పట్టేది అర నిమిషం. నెలకోసారి సీసాడు నూనె పొయ్యడం కన్నా రోజూ ఈ అర నిమిషం ఎక్కువ పని చేస్తుంది.

నూనె వారానికోసారి చాలు. కొబ్బరి నూనె బదులు కుట్టు మిషన్ నూనె వాడు. చలికాలంలో కొబ్బరి నూనె గడ్డకడుతుంది, పాతబడితే కంపు కొడుతుంది, దుమ్ము పట్టి జిడ్డు తేలుతుంది. వేరుశెనగ, పొద్దుతిరుగుడు నూనెలు ఇంకా అధ్వాన్నం, కొన్నాళ్ళకి బంకలా అయిపోతాయి. మిషన్ నూనె పలచగా ఉంటుంది కాబట్టి సందుల్లోకి తనే పాకుతుంది, బంక కట్టదు. చుట్ల మీద ఒక్క చుక్క వేసి ఐదారుసార్లు గ్రిప్పర్ మూసి తెరువు, చుట్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ నూనెని లోపలికి లాక్కుంటాయి. స్ప్రింగ్ కాళ్ళు పిడుల్లోకి దిగే చోట గుండ్రటి సన్న సందు ఉంటుంది చూడు, అక్కడ గుండుసూది కొనకి నూనె అంటించి ఒక్కో చుక్క. పైకి వచ్చిన నూనెంతా తుడిచెయ్యాలి, నర్లింగ్ మీద, అంటే పట్టు కోసం పిడుల మీద చెక్కిన గరుకు గాళ్ళ మీద అయితే అసలు ఉండకూడదు, చేయి జారితే సాధన పాడు, దెబ్బ కూడా తగలొచ్చు.

ఆ సందు గురించి ఇంకో మాట. అక్కడ తెల్లటి పొడి కనబడితే అది సున్నమో, జారకుండా చేతికి రాసుకునే మెగ్నీషియం పొడో అనుకుని ఊదెయ్యకు. అల్యూమినియం, ఉక్కు ఆనుకుని ఉన్నచోట ఉప్పునీరు చేరితే రెండిట్లో అల్యూమినియం ముందు అరుగుతుంది, ఆ తెల్లపొడి దానిదే. ఎర్రటి తుప్పు లేదు కదా అని ధీమాగా ఉంటే పిడిలో రంధ్రం వదులై స్ప్రింగ్ కాలు ఆడడం మొదలవుతుంది. పొడి కనబడిన రోజే పాత టూత్ బ్రష్‌తో దులిపి, తడిగుడ్డ, పొడిగుడ్డ, చుక్క నూనె.

డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టొచ్చా అని ఇంకో ఇద్దరు ముగ్గురు అడిగారు, వాళ్ళకీ ఇక్కడే చెప్పేస్తాను. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో తయారు చేశారు దాన్ని. నీటిని తోసేసే పదార్థం కోసం వెతుకుతుంటే నలభయ్యోసారి కుదిరిందని ఆ పేరు. తడిసిన గ్రిప్పర్ మీద కొడితే సందుల్లోని నీటిని బాగానే తోస్తుంది. అయితే అది మిగిల్చే పొర చాలా పలచన, సముద్రం పక్కన నెలలకు నెలలు కాపాడాలని దాని మీద భారం వెయ్యకండి. అది కొట్టి, తుడిచి, పైన మిషన్ నూనె రాస్తే సరిగ్గా వాడినట్టు.

ప్రశ్న: అన్నా, నేను హాస్టల్‌లో ఉంటాను. మా సీనియర్ వెళ్ళిపోతూ ఒక గట్టి గ్రిప్పర్ ఇచ్చాడు. నాలుగేళ్ళు కిట్ బ్యాగ్‌లోనే పడి ఉందట, స్ప్రింగ్ మొత్తం ఎర్రగా ఉంది. వెనిగర్‌లో గానీ చింతపండు రసంలో గానీ రాత్రంతా నానబెడితే కొత్తదానిలా వస్తుందని రూమ్మేట్లు అంటున్నారు. మెస్‌లో చింతపండు కూడా అడిగి పెట్టుకున్నా. నానబెట్టనా?
ఆర్.వి., హైదరాబాద్

జవాబు: వద్దు తమ్ముడూ. ఈ పేజీలో ఇంకేం మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకో, స్ప్రింగ్‌ని పులుపులో నానబెట్టకూడదు. ఇత్తడి బిందెకి చింతపండు పట్టించి తోమితే చిలుము పోయి బంగారంలా మెరుస్తుంది, ఇది మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే, అందుకని ఇనుముకీ అదే మందు అనుకుంటాం. తుప్పు పోయే మాట నిజమే. పారకో, గొళ్ళేనికో అయితే నేనూ చేస్తాను, కడిగి ఆరబెట్టి నూనె రాస్తే సరిపోతుంది. గ్రిప్పర్ స్ప్రింగ్ అలాంటి మెత్తటి ఇనుము కాదు, బాగా గట్టిపరిచిన ఉక్కు. పులుపు ఉక్కుని తాకినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అందులో కొంత బుడగలై పైకి పోతే కొంత ఉక్కులోకే దూరుతుంది. మెత్తటి ఇనుముకి దానివల్ల పెద్ద నష్టం ఉండదు, గట్టి ఉక్కు మాత్రం పెళుసెక్కుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం గాజుగాజుగా అయిపోతుంది. ప్లేటింగ్ చేసేవాళ్ళకి ఇది బాగా తెలుసు, స్ప్రింగుల్ని యాసిడ్‌లోంచి తీసి పూత వేశాక దాదాపు 200 డిగ్రీల ఓవెన్‌లో గంటల తరబడి ఉంచి ఆ హైడ్రోజన్‌ని బయటికి పంపిస్తారు. హాస్టల్ రూమ్‌లో ఆ పని మనవల్ల కాదు.

నేను చేసిన తప్పే చెబుతున్నాను. కొత్తగా సాధన మొదలుపెట్టిన రోజుల్లో, తుప్పుపట్టిన పాత గ్రిప్పర్ ఒకటి చేతికొస్తే చింతపండు రసంలో రాత్రంతా ఉంచాను. పొద్దున తీస్తే తెల్లగా, ముద్దుగా ఉంది, మా వాళ్ళందరికీ చూపించాను. మూడో వారంలో, ఇంకా పూర్తిగా మూయకముందే టప్‌మని చుట్టు దగ్గర విరిగింది. విరిగిన ముక్క గోడకి తగిలి కింద పడింది. విరిగినచోట చూస్తే ముతక చక్కెర పలుకుల్లా మెరుస్తోంది, ఒక మూల మాత్రం నల్లగా చిన్న గుంట. తుప్పు తినేసిన గుంట అది, అక్కడినుంచే చీలిక మొదలైంది. గుంట ఒక కారణం, పులుపు ఇంకో కారణం, రెండూ నా చేతి చలవే. ఆ ముక్క మొహం వైపు రాలేదు, అంతవరకు అదృష్టం.

నీ గ్రిప్పర్ సంగతి ముందు తేల్చుకోవాలి, అది పైపైన ఎరుపా, లోపలికి తిన్నదా అని. మిషన్ నూనె బాగా పట్టించి ఒక రోజు వదిలెయ్. మర్నాడు బాగా సన్నటి స్టీల్ వూల్‌తో, అది దొరక్కపోతే గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో, తీగ పొడుగునా రుద్దు. అడ్డంగా రుద్దకు, అడ్డగీతలు పడితే అవే రేపు చీలికలకు చోటిస్తాయి. ఎర్రటి బురదలాంటిది నూనెతో పాటు వస్తుంది, తుడిచి మళ్ళీ రుద్దు. తర్వాత వెలుతురులో పెట్టి బొటనవేలి గోరు తీగ మీద ఆనించి మెల్లగా లాగు. గోరు ఎక్కడా ఆగకుండా జారిపోతే, మచ్చ మిగిలినా సరే, వాడుకోవచ్చు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అది గుంట. ముఖ్యంగా చుట్టు నుంచి కాలు బయటికి వచ్చే వంపు దగ్గర తట్టుకుంటే ఇంక ఆలోచించకు, పాత ఇనుపవాడికి ఇచ్చెయ్.

సీనియర్ ప్రేమగా ఇచ్చాడు, బాధగానే ఉంటుంది. కానీ లెక్క చూడు. కెప్టెన్స్ ఆఫ్ క్రష్ అని పేరున్న గ్రిప్పర్లలో మూడో నంబరుది మూయాలంటే 280 పౌండ్ల పట్టు కావాలని దాని తయారీదార్ల లెక్క, అంటే 127 కిలోలు. మొదటి నంబరుదే 140 పౌండ్లు. అంత బిగువు పట్టి ఉంచిన తీగ ఒక్కసారిగా తెగితే చేతిలో ఏం జరుగుతుందో ఊహించుకో. బాగానే ఉందని తేలిన పాత గ్రిప్పర్‌ని కూడా మొదటి కొన్ని రోజులు మొహానికి దూరంగా, నడుము ఎత్తులో పట్టుకునే పిండు.

ప్రశ్న: నమస్కారం అండి. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి తగ్గుతోంది. ఫిజియోథెరపీలో చెప్పారని స్పాంజి పిడులున్న స్ప్రింగ్ గ్రిప్పర్ కొన్నాం. రెండు పూటలా చేస్తున్నారు. ఈమధ్య చేసిన ప్రతిసారీ ఆయన అరచేతిలో గోధుమ రంగు మరక పడుతోంది. స్పాంజి తడితడిగా ఉంటోంది. తుప్పు తగిలితే ధనుర్వాతం వస్తుందని అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. పారేయమంటారా?
పి.ఎల్., కాకినాడ

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి అమ్మా. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. దాన్ని తెచ్చే సూక్ష్మజీవి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది, లోతుగా గాయమైనప్పుడు ఆ మట్టితో పాటు లోపలికి పోతుంది. తుప్పుపట్టిన మేకులు ఎక్కువగా నేలమీదే పడి ఉంటాయి కాబట్టి నింద తుప్పు మీదికి వచ్చింది. చర్మం తెగకుండా మరక మాత్రమే పడితే సబ్బుతో కడిగేస్తే చాలు. ఒకవేళ ఎక్కడైనా గీసుకుని రక్తం వస్తే మాత్రం కడిగి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించారో గుర్తుచేసుకుని డాక్టర్‌ని అడగండి. కాలో చెయ్యో స్పర్శ తగ్గినవాళ్ళకి గీసుకున్నా తెలియకపోవచ్చు, అందుకని చేసిన ప్రతిసారీ అరచేయి మీరే ఒకసారి చూడండి.

ఇక గ్రిప్పర్ విషయం. ఆ స్పాంజి కింద మామూలు ఇనుప కడ్డీ ఉంటుంది. స్పాంజి చెమట తాగుతుంది, తాగింది వదలదు, కడ్డీ రోజంతా తడిగుడ్డ చుట్టుకున్నట్టు ఉంటుంది. పైనుంచి ఎంత తుడిచినా లాభం ఉండదు. సబ్బునీళ్ళు కొంచెం లోపలికి పోసి మెలితిప్పుతూ లాగితే స్పాంజి తొడుగు ఊడి వస్తుంది. దాన్ని ఉతికి ఎండలో బాగా ఆరనివ్వండి. కడ్డీని స్క్రబ్బర్‌తో రుద్ది, తుడిచి, ఆరాక రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వెయ్యండి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. ఇక్కడ నూనె వద్దు, నూనె తగిలితే స్పాంజి పాడవుతుంది, నాన్నగారి పట్టు జారుతుంది. తొడుగు చిరిగిపోతే సైకిల్ షాపులో హ్యాండిల్‌కి వేసే రబ్బరు తొడుగుల్లో సరిపోయేది దొరుకుతుందేమో చూడండి. తుడవడం రోజూ మీకు కుదరకపోతే, ఫిజియోథెరపీ చేసేవారిని అడిగి ఇనుము లేని రబ్బరు రింగో, మెత్తటి బంతో వాడొచ్చేమో కనుక్కోండి. పక్షవాతం తర్వాత కొందరి చేతివేళ్ళు బిగుసుకుపోతుంటాయి, వాళ్ళకి గట్టిగా పిండే సాధన సరిపడకపోవచ్చు, ఆ నిర్ణయం వాళ్ళది. నాన్నగారు త్వరగా కోలుకోవాలి.

ప్రశ్న: రొయ్యల చెరువు దగ్గర షెడ్డులో ఉంటానండి. మధ్యాహ్నాలు ఖాళీగా ఉన్నప్పుడు గ్రిప్పర్ చేస్తాను. చేశాక తుడుస్తాను, నూనె రాస్తాను. అయినా మూడు వారాల్లో స్ప్రింగ్ మీద క్రోమ్ పొక్కులు లేచింది. షెడ్డులో తాళం, సైకిల్ చైను కూడా ఇంతే. ఉప్పునీటి చెరువు కదా, అందుకేనా?
డి.ఎన్., భీమవరం దగ్గర

జవాబు: చెరువు గాలి కొంత. కానీ మూడు వారాల్లో తాళం, చైను కూడా పాడయ్యాయంటే నాకు ఒక అనుమానం. ఆ షెడ్డులోనే బ్లీచింగ్ పౌడర్ బస్తా గానీ డ్రమ్ము గానీ ఉందా? ఉంటే దోషి అదే. మూతి సరిగ్గా కట్టని బ్లీచింగ్ నుంచి క్లోరిన్ వాయువు వస్తూనే ఉంటుంది, ఆ ఘాటు ముక్కుకి అలవాటైపోతే మనకి తెలియదు గానీ ఇనుముకి తెలుస్తుంది. దాని ముందు చెమట ఎంత? గ్రిప్పర్‌ని ఆ గదిలోంచి తీసెయ్యండి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి మీతో పాటు ఇంటికి తీసుకెళ్ళండి. ఇళ్ళలో గ్రిప్పర్ని బాత్రూమ్ అరలో పెట్టేవాళ్ళకీ ఇదే మాట, టాయిలెట్ కడిగే యాసిడ్ సీసా పక్కన ఏ ఉక్కూ బతకదు. బ్లీచింగ్, యాసిడ్ రెండూ ఒకేచోట మాత్రం ఎప్పుడూ పెట్టకండి, అవి కలిస్తే విషవాయువు పుడుతుంది, అప్పుడు పోయేది ఇనుము ఒక్కటే కాదు.

క్రోమ్ పొక్కుల గురించి. క్రోమ్ పూత మెరుపు చూసి దీనికి తుప్పు రాదు అనుకుంటాం. పూత చెక్కుచెదరనంత కాలం నిజమే. ఒక్కచోట చిన్న బెజ్జం పడితే ఆ పూత కింది ఉక్కుని కాపాడదు, పైగా తినడం అంతా ఆ బెజ్జం దగ్గరే జరిగేలా చేస్తుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పూతని లోపల్నుంచి ఎత్తేస్తుంది, అదే మీకు పొక్కులా కనబడింది. జింకు పూత గుణం వేరు, అది తాను అరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది, మేకుల మీద, నట్ల మీద తెల్లటి బూజులాంటిది వచ్చేది అందుకే. పొక్కులు లేచినచోట గోకకండి, చుట్టూ ఇంకా ఊడుతుంది. నూనెతో నింపి ఉంచండి, పైన చెప్పిన గోటి పరీక్ష నెలకోసారి చెయ్యండి.

ప్రశ్న: మాది జగిత్యాల, పని దమ్మామ్‌లో. రూమ్‌లో ఏసీ రాత్రంతా నడుస్తుంది. పొద్దున్నే గ్రిప్పర్ తీసుకుని బయటికి పోతే పిడి తడిగా అయిపోతుంది, నేను ఇంకా ముట్టుకోకముందే. స్టెయిన్‌లెస్ స్టీల్ స్ప్రింగ్‌ది కొంటే ఈ బాధ పోతుందా అన్నా? లేక బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పెడితే చాలదా?
ఎం.జి., దమ్మామ్

జవాబు: చల్లటి నీళ్ళ గ్లాసుకి బయట చెమ్మ పడుతుంది చూశారా, అదే ఇది. రాత్రంతా ఏసీలో చల్లబడిన ఇనుము సముద్రతీరపు ఉక్కగాలిలోకి రాగానే గాలిలోని తేమ దానిమీద నీరై కూర్చుంటుంది. బయటికి తీసుకెళ్ళే ముందు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టండి, బయట అరగంట అలాగే ఉంచి ఇనుము వెచ్చబడ్డాక తియ్యండి. చెమ్మ కవరు మీద పడుతుంది, గ్రిప్పర్ మీద కాదు. లేదంటే గదిలోనే సాధన చేసుకుంటే ఇంకా మేలు.

స్టెయిన్‌లెస్ అన్నంత మాత్రాన అస్సలు రాదని కాదు. 304 రకం మామూలు చోట బాగుంటుంది, సముద్రం పక్కన మాత్రం టీ మరకల్లాంటి గోధుమ చారలు వస్తాయి. వాటికి లోతు పెద్దగా ఉండదు, తడిగుడ్డతో వెంటనే తుడిస్తే పోతాయి. 316 దానికన్నా బాగా తట్టుకుంటుంది, ధర ఎక్కువ. అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదు అని షాపుల్లో చెబుతారు, స్ప్రింగుల విషయంలో ఆ పరీక్ష నమ్మకండి. చల్లగా లాగి తయారుచేసిన స్టెయిన్‌లెస్ తీగ కొంచెం అంటుకుంటుంది, అది దొంగ సరుకేం కాదు.

బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పెడితే చాలదా అని మీరు చివర్లో అడిగారు. గాలి చొరబడని డబ్బా అయితేనే పనికొస్తాయి. తెరిచి ఉన్న బ్యాగులో పడేస్తే ఆ పొట్లం ఒకట్రెండు రోజుల్లో ఊరిగాలి తేమంతా తాగి కడుపు నింపుకుంటుంది, ఆ తర్వాత అది ఉత్త గులకరాళ్ళ సంచి. రంగు మారే గింజలైతే ఎప్పుడు నిండిందో తెలుస్తుంది, నీలం గులాబీ అవుతుంది. అయితే ఆ నీలం రంగుకి కోబాల్ట్ లవణం వాడతారు, అది మంచిది కాదు, కాబట్టి వంట చేసే ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టే పని పెట్టుకోకండి. కొత్తవి కొనుక్కోవడమే నయం.

ప్రశ్న: మణికట్టు బలం కోసం బరువుని చుట్టి పైకి లేపే రిస్ట్ రోలర్ మేడ మీద సొంతంగా చేసుకున్నాను, కర్రకి గొలుసు, గొలుసుకి పోత ఇనుము ప్లేట్లు. రెండు వానలకే ప్లేట్లు పొరలు పొరలుగా రాలుతున్నాయి. వీటికి కూడా మిషన్ నూనేనా?
కె.టి., కరీంనగర్

జవాబు: వీటికి నూనె కాదు, రంగు. పోత ఇనుము ప్లేట్లు స్ప్రింగుల్లా వంగేవి కావు, కాబట్టి ఇక్కడ భయం తక్కువ. తీగ బ్రష్‌తో పొరలన్నీ రాలేదాకా గీకండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఎమరీ పేపర్ పట్టి, తుడిచి, ఎండగా ఉన్న రోజు చూసి రెడ్ ఆక్సైడ్ (ఇనుముకి ముందు వేసే అడుగు రంగు) ఒక పూత, అది ఆరాక ఎనామిల్ రెండు పూతలు. మధ్య రంధ్రం లోపల వెయ్యడం అందరూ మర్చిపోతారు, గొలుసు రాసుకునేది అక్కడే, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. గొలుసు మాత్రం రంగుతో నిలవదు, లంకెలు రాసుకుని ఊడిపోతుంది. దానికి గ్రీజు పట్టించి తుడిచెయ్యండి, లేదా గొలుసు తీసేసి నైలాన్ తాడు కట్టండి. లంకెల్లో ఏదైనా సగం సన్నబడి కనిపిస్తే ఆ గొలుసుకి బరువు తగిలించకండి, కింద మీ పాదాలు ఉంటాయి. వానకి ప్లేట్లు మేడ మీద నేలకి ఆనించి వదలొద్దు, రెండు ఇటుకలు వేసి వాటి మీద నిలబెట్టి పైన టార్పాలిన్ కప్పండి, పక్కల నుంచి గాలి ఆడాలి.

ఇంక చిన్న ప్రశ్నలు, చకచకా చెప్పేస్తాను.

చేతికి రాసుకునే మెగ్నీషియం పొడి తుప్పు తెస్తుందా అని వరంగల్ నుంచి అడిగారు. పొడి నేరుగా తేదు, కానీ నర్లింగ్ గాళ్ళలో చేరి చెమటని పట్టుకుని ఉంటుంది. సాధన అయ్యాక టూత్ బ్రష్‌తో దులపండి. ఇనుప తీగ బ్రష్ వాడితే అల్యూమినియం గీతలు పడుతుంది, నర్లింగ్ పదును పోతుంది.

స్ప్రింగ్ కిర్రుమంటోంది, తుప్పేనా అని తెనాలి పాఠకురాలు. చాలాసార్లు ఎండిపోయిన చుట్లు రాసుకునే చప్పుడే అది. ఒక్క చుక్క నూనె వేసి పదిసార్లు పిండండి. అప్పటికీ తగ్గకపోతే, చప్పుడుతో పాటు ఎర్రటి పొడి రాలుతుంటే అప్పుడు తుప్పు.

నంబరు తిప్పుకునే ప్లాస్టిక్ గ్రిప్పర్ తిరగడం లేదని ఖమ్మం నుంచి. లోపల చిన్న స్ప్రింగ్, ఒక మర ఉంటాయి, చెమట మర గాళ్ళలోకి దిగి బిగుసుకుపోయి ఉంటుంది. పకారు పెట్టి బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్ పగులుతుంది. మర మీద రెండు చుక్కల నూనె వేసి ఒక రాత్రి తలకిందులుగా నిలబెట్టండి, పొద్దున చేత్తోనే తిరుగుతుంది. తిరిగాక బిగువు అంతా తగ్గించి, వదులు నంబరులో పెట్టి దాచండి.

కిరోసిన్‌తో కడగొచ్చా అని గుంతకల్లు నుంచి. జిడ్డు, పాత బంక వదలడానికి బాగుంటుంది, పొయ్యికి దూరంగా, కిటికీలు తీసి కడగండి. కానీ అది ఆరిపోయాక ఇనుము మీద రక్షణ ఏమీ మిగలదు, ఆ పూటే నూనె రాయాలి. రేపు రాద్దాంలే అని వదిలితే రాత్రికి రాత్రే ఎర్రటి జీర మొదలవుతుంది, కడిగిన ఇనుము అంత ఉత్తగా ఉంటుంది మరి.